అటక మీది అట్టపెట్టెలు, సీసాలోని చీటీలు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది విశాఖపట్నం, మర్రిపాలెం. వయసు 37. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా పాపకి తొమ్మిదేళ్లు. పాత సామానుతో బొమ్మలు చెయ్యాలని మా ఇద్దరికీ ఎంతో సరదా. రెండేళ్లుగా అట్టపెట్టెలు, సీసా మూతలు, పెరుగు డబ్బాలు, పగిలిన గాజులు, చీర ముక్కలు దాస్తూ వచ్చాను. అటక నిండిపోయింది. తీరా ఆదివారం కూర్చుంటే ఏం చెయ్యాలో తోచదు. వీడియో చూసి మొదలుపెడతాం, అందులోలాగా రాదు. పాప ఏడ్చి సగంలో చింపేస్తుంది. మా అత్తయ్యగారు "ఇల్లంతా చెత్త నింపేస్తున్నావమ్మా" అంటున్నారు. ఆవిడ అనేదాంట్లో తప్పు కూడా కనిపించటం లేదు. నాకసలు బొమ్మలు వెయ్యటమే రాదు. ఇది మానేసి ఆ టైం పాప చదువు మీద పెట్టమంటారా? వచ్చే నెల బడిలో వ్యర్థాలతో బొమ్మల పోటీ ఉంది, దాని టెన్షన్ వేరే.

జవాబు: అమ్మా, మానొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

మీకు తోచకపోవటం మీ లోపం కాదు. అటక నిండా వంద రకాల సామాను, ఎదురుగా ఖాళీ మధ్యాహ్నం, "ఏదైనా చేద్దాం" అనే ఆలోచన. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా చెయ్యి ఆడదు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులోకి వెళ్లి "మీకు నచ్చిన బొమ్మ వెయ్యండర్రా" అనేవాణ్ని. నలభై మంది ఉంటే ముప్ఫై మందికి పైగా ఒకటే బొమ్మ: రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, వంకరగా ఓ ఏరు. మన ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. బీచ్‌కి నాలుగు అడుగుల దూరంలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా కొండల మధ్య సూర్యుణ్నే వేసేవారు.

ఒకసారి ఒంటిపూట బడుల రోజుల్లో, చెమటకి కాగితాలు మోచేతులకి అంటుకుపోతుంటే, "ఈ ఉక్కపోతకి సూర్యుడికే విసుగొస్తే ఏం చేస్తాడు?" అని అడిగాను. ఆ పూట ఏ రెండు బొమ్మలూ ఒకలా రాలేదు. ఒకడి సూర్యుడు ముక్కు దాకా సముద్రంలో మునిగి కూర్చున్నాడు. ఒక అమ్మాయి సూర్యుడు బీచ్‌రోడ్డు బండి దగ్గర గోలీసోడా తాగుతున్నాడు. ఇంకో పిల్ల సూర్యుడి కిరణాలన్నీ విప్పి దండెం మీద ఆరేసింది. పిల్లలు వాళ్లే, రంగులూ అవే. నేను అడిగిన తీరు మారిందంతే.

ఈ కిటుకు మన అవధానంలో ఎప్పట్నుంచో ఉంది. అవధాని ఎదుట కూర్చున్న పృచ్ఛకులు "మీకు తోచిన పద్యం చెప్పండి" అనరు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్నట్టు, అర్థంపర్థం లేనట్టుండే ఒక పద్యపాదం అది. మిగతా పాదాలు పూరించి దానికి అర్థం తీసుకురావాలి. ఇంకొకాయన దత్తపది ఇస్తాడు: కూరగాయల పేర్లో టిఫిన్ల పేర్లో నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా భారతంలో ఒక ఘట్టం చెప్పమంటాడు. మరొకాయన నిషిద్ధాక్షరి పట్టుకుంటాడు. అవధాని ఒక్కో అక్షరం పలుకుతుంటే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డం పడుతుంటాడు. చిన్నప్పుడు మా నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. పద్యాలు నాకు సగమే అర్థమయ్యాయి. కానీ అడ్డుపడిన కొద్దీ అవధానిగారి ముఖంలో వచ్చే ఉత్సాహం మాత్రం బాగా గుర్తుండిపోయింది. ఏ దారీ మూసి లేనప్పుడు మనిషి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోతాడు. మూడు దారులు మూసేస్తే నాలుగోదాంట్లో పరుగెడతాడు.

మీరు అదే పని ఇంట్లో చెయ్యండి. మూడు ఖాళీ సీసాలు తీసుకోండి, హార్లిక్స్‌వైనా పచ్చడివైనా సరే. పాత శుభలేఖల వెనకవైపు చీటీలుగా కత్తిరించుకోండి.

మొదటిది దత్తపది సీసా. అందులో అటక మీది వస్తువుల పేర్లు రాసి వెయ్యండి, చీటీకి ఒకటి: సీసా మూతలు, కోడిగుడ్ల అట్ట, చీర అంచు, కొబ్బరి చిప్ప, అగ్గిపెట్టె, సిరా అయిపోయిన పెన్ను, పాత తాళంచెవి, తెగిన చెప్పు. కూర్చునే ముందు మూడే మూడు చీటీలు తియ్యాలి. ఆ మూడు వస్తువులే అటక దిగుతాయి. మిగతాదేదీ కంటికి కూడా కనబడకూడదు.

రెండోది సమస్య సీసా. ఇందులో నిజంగా జరగని, అయినా బొమ్మ కట్టగలిగే మాటలు రాయాలి. కొన్ని నేనే ఇస్తాను, మీకు నచ్చినవి తీసుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండకి జలుబు చేసింది. అరకు రైలు సొరంగంలోకి వెళ్లింది, అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది మాత్రం రైలు కాదు. సముద్రం అడుగున రైతుబజారు పెట్టారు. అమ్మమ్మ కళ్లజోడు ఒక్కతే షికారుకి బయల్దేరింది. జగదాంబ జంక్షన్లో ట్రాఫిక్ ఆపుతున్నది ఒక పీత. ఆటో అలిగి కూర్చుంది. ఫ్యానుకి చలేస్తోంది. ఏనుగుల గుంపూ దోమ గొంతూ ఎలాగూ ఉన్నాయి, దాన్ని అట్టతో కట్టి చూడండి, దోమ ఎంత పెద్దదవుతుందో! పది చీటీలయ్యాక మీ పాపే మీకంటే మంచివి రాస్తుంది. పిల్లలకి ఇలాంటివి మనం నేర్పక్కర్లేదు, రాసుకోవటానికి చీటీ ఇస్తే చాలు.

మూడోది నిషిద్ధం సీసా. జిగురు వాడకూడదు. కత్తెర వాడకూడదు, చేత్తో చింపాలి. ఎడమ చేత్తోనే చెయ్యాలి. బొమ్మకి కళ్లు పెట్టకూడదు. దేనికీ ఆనించకుండా బొమ్మ తనంతట తాను నిలబడాలి. ఇలాంటివి ఒక ఎనిమిది రాయండి. కళ్లు పెట్టకూడదన్న చీటీని నేను చాలా ఇష్టంగా వాడేవాణ్ని. రెండు చుక్కలు పెట్టగానే ఏదైనా ప్రాణిలా కనబడుతుంది, పిల్లలు అక్కడితో ఆపేస్తారు. కళ్లు లేకుండా కోపాన్నో సిగ్గునో చూపించాలంటే మెడ వంచాలి, భుజాలు దించాలి. అప్పుడు వాళ్ల చెయ్యి ఆలోచించటం మొదలుపెడుతుంది.

టైం ఇరవై నిమిషాలు. మీరు ఆఫీసు నుంచి వచ్చాక కుక్కర్ పెట్టి కూర్చున్నా సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నమంతా దీనికి రాసివ్వొద్దు. మూడు గంటలు కేటాయిస్తే మూడు గంటలకి తగ్గ ఫలితం కావాలనిపిస్తుంది, బెంగ అక్కడే మొదలవుతుంది. మీకు లెక్కలు అలవాటే కదా. ఇచ్చిన అంకెలతోనే లెక్క తేలాలి, బయటినుంచి తేకూడదు. ఇదీ అంతే.

ఇక పాప ఏడుపు సంగతి. నేను చూసినంతలో ఆ వయసు పిల్లల ఏడుపుకి చాలాసార్లు కారణం జిగురే. తెల్ల జిగురు, అదే మనం ఫెవికాల్ అనేది, కాగితం మీద, అట్ట మీద, కర్ర మీద పట్టుకుంటుంది. దాంట్లోని తడి ఆ పోగుల్లోకి ఇంకి ఆరితే అతుకు గట్టిపడుతుంది. పెరుగు డబ్బా, పాల ప్యాకెట్టు, సీసా మూత తడి పీల్చవు. ఎంత పూసినా పొరలా ఊడొస్తుంది. అరగంట కష్టపడి అంటించిన చెయ్యి ఊడి కింద పడితే పాప ఏడవక ఏం చేస్తుంది? వీడియోలో అది ఒక్క క్షణంలో అతుక్కుంటుంది, ఎందుకంటే అక్కడ వాడేది కరిగించి పోసే వేడి జిగురు, పైగా ఆరే టైం కత్తిరించేస్తారు. తన చేతకానితనం వల్లే ఊడిందని పాప అనుకుంటోంది. ఆ విషయం ముందు తనకి చెప్పండి.

కాబట్టి ప్లాస్టిక్‌ని అంటించాలని చూడకండి, కట్టండి, కుట్టండి, గుచ్చండి. సీసా మూతకి మేకుతో చిల్లు పెట్టటం మీ పని, దారం ఎక్కించటం తన పని. రెండు అట్టముక్కలకి సగం దాకా గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చితే జిగురు చుక్క లేకుండా నిలబడతాయి. కదిలే చేతులు కావాలంటే మన తోలుబొమ్మల్ని గుర్తు తెచ్చుకోండి. భుజం దగ్గర, మోచేతి దగ్గర ముక్కల్ని దారంతో ముడేసి కడతారు, అందుకే తెర మీద అవి అంత హుషారుగా ఆడతాయి. అట్ట బొమ్మకి కూడా రెండు పక్కలా చొక్కా గుండీ పెట్టి దారం తీసి ముడెయ్యండి, చెయ్యి ఊపుతుంది. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి పేలికలుగా కోసి జడ అల్లితే మంచి తాడవుతుంది.

అట్టపెట్టెలకి ఒక గుణం ఉంది, తెలుసుకుంటే సగం చిరాకు తగ్గుతుంది. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా మడతపెట్టిన ఇంకో కాగితం ఉంటుంది. ఆ అలల గాడి వెంట అట్ట సులువుగా మడతపడుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేసి నలుగుతుంది. కాళ్లు నిలువుగా బరువు మొయ్యాలంటే అలలు నిలువుగా ఉండేలా కోయండి. మడత దగ్గర సిరా అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీత లాగితే నీటుగా మడుస్తుంది. పైకాగితాన్ని కాస్త తడిపి ఒలిచేస్తే లోపలి అలలు బయటపడతాయి. పెంకుటింటి కప్పుకీ సముద్రానికీ అంతకంటే మంచి సామాను ఏ కొట్లోనూ దొరకదు.

మన ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. కాగితం గుజ్జుతో, మైదా బంకతో చేసే బొమ్మలు విశాఖలో పొడి ఊళ్లలో ఆరినట్టు ఆరవు. పైన ఎండినట్టుంటుంది, లోపల తేమ ఉండి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. పలచటి పొరలు వెయ్యండి, ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. వానల నెలల్లో గుజ్జు పని పెట్టుకోకండి, అప్పుడు గుడ్డలూ దారాలూ మంచివి. బంకలో కాస్త ఉప్పు వేస్తే బూజు కొంత ఆగుతుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా బంకలో మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చెయ్యి పెట్టే బంకలో వద్దు.

రంగుల కోసం కొట్టుకి పరుగెత్తక్కర్లేదు. ఒక కాగితానికి చిక్కటి పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. పాపకి పుల్లకి దూది చుట్టి ఇచ్చి, బట్టల సబ్బు నీళ్లలో ముంచి దాని మీద గియ్యమనండి. గీసిన చోటల్లా ఎర్రగా మారుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రబడేది ఇందుకే. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు పచ్చగా అయిపోతుంది. నా క్లాసుల్లో ఎంత అల్లరి పిల్లవాడైనా ఈ ఆట ముందు నిశ్శబ్దంగా కూర్చునేవాడు. ఎండలో పెడితే ఈ రంగు వెలిసిపోతుంది, ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

కొన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. పాడైన ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. బ్యాటరీలు, మందుల సీసాలు, పురుగుమందు డబ్బాలు, పగిలిన గాజు పెంకులు ఇంట్లోకే రానివ్వకండి. పగిలిన గాజులు దాచానన్నారు, అవి మీ చేతిలోనే ఉండాలి, పాప చేతిలో కాదు. ప్లాస్టిక్ కాల్చి వంచే వీడియోలు వస్తుంటాయి, ఆ పొగ ఎవరి ఊపిరితిత్తులకీ మంచిది కాదు. బీచ్‌కి వెళ్లినప్పుడు కొట్టుకొచ్చిన తాడు ముక్కలు, చిరిగిన వల ముక్కలు, అరిగిన కర్రలు ఏరుకోండి. ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి ఎండబెట్టాకే వాడండి. గవ్వలో ప్రాణి ఉంటే అక్కడే వదిలేయండి.

అత్తయ్యగారి మాట మీకు సబబుగా అనిపించింది, నాకూ అనిపించింది. రెండేళ్లు దాచి వాడని సామాను ఇంటికి బరువే. అటక దించండి. ఒక్క అట్టపెట్టె మీ ఆటకి, దాంట్లో పట్టినంతే. మిగతాది పాత సామాన్ల బండికి ఇచ్చెయ్యండి. కొత్తది ఏదైనా లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ నియమం ఆవిడ ఎదుటే పెట్టండి, కాపలా బాధ్యత ఆవిడకే ఇవ్వండి.

ఆవిడ్ని ఇంకో విషయం కూడా అడగండి. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టిన తరం ఆవిడది. అంచులు ఎటు పెట్టాలో, ఏ చీర పైకి రావాలో, నడుమ చిరుగు కనబడకుండా ఎలా తిప్పాలో ఆ చేతులకి తెలుసు. ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయల్ని రెండు చక్రాలు చేసి, నడుమ పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పరుగెత్తిన పిల్లలు ఆవిడ కళ్లముందు ఉండే ఉంటారు. తాటాకు గిలక, కొబ్బరాకు బూర, దారం కట్టిన అగ్గిపెట్టెల టెలిఫోన్ వాళ్లకి కొట్లో కొన్నవి కావు. ఈ విద్యలో మీ ఇంట్లో ముందు ఆవిడే గురువు. ఇన్నాళ్లూ ఆవిడ్ని ఎవరూ అడగలేదేమో.

ముగ్గురూ కలిసి ఆడటానికి ఒక ఆట చెబుతాను. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింతలు రాసే కవులూ గీసే చిత్రకారులూ, ఆడిన ఆట ఇది. కాగితాన్ని అడ్డంగా మూడు మడతలు పెట్టండి. పై మడతలో ఒకరు తల వేసి, మెడ గీతలు మాత్రం కిందికి కనబడేలా మడిచేసి పక్కవాళ్లకి ఇస్తారు. రెండోవారు మొండెం, మూడోవారు కాళ్లు. తల పాప వెయ్యనీ, మొండెం అత్తయ్యగారు, కాళ్లు మీరు. విప్పి చూసినప్పుడు కోడి తలకి పట్టుచీర, దాని కింద ఆటో చక్రాలు కనబడతాయి. ఎవరికీ బొమ్మలు రానక్కర్లేదు. మీ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి పగలబడి నవ్వటానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

చేసినవన్నీ దాచుకోవాలా? ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ, అటక నిండటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, పిల్లలకి బడి లేదు. వీధి పిల్లల్ని మా వరండాలో కూర్చోబెట్టి, అగ్గిపెట్టెలూ అట్టముక్కలూ ఇచ్చి మన కాలనీని కట్టమన్నాను. ఇళ్లు, నీళ్ల ట్యాంకు, విరగని చెట్లు, అన్నీ చక్కగా కట్టారు. నాకు ముచ్చటేసి, కెమెరా తీసుకురావటానికి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి ఒకడు పెద్ద అట్ట పట్టుకుని "హుద్‌హుద్ వస్తోంది" అని విసురుతున్నాడు, కాలనీ మొత్తం ఎగిరిపోయింది. నా మనసు చివుక్కుమంది. వాళ్లు మాత్రం గంతులేసి, మళ్లీ కట్టారు, మళ్లీ పడగొట్టారు. మూడు రోజులు అదే ఆట. రెండో రోజుకి ఇళ్ల అడుగున రాళ్లు పెట్టటం మొదలుపెట్టారు, మూడో రోజుకి గాలి దూరిపోవటానికి గోడల్లో కంతలు పెట్టారు. ఫోటో కోసం మొదటి రోజే ఆపేసి ఉంటే ఆ రాళ్లూ ఉండేవి కావు, ఆ కంతలూ ఉండేవి కావు. బీచ్‌లో పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుకగూడు కట్టి, లేచి వెళ్లేటప్పుడు తన్ని పోయే పిల్లల్ని రోజూ చూస్తూ కూడా నాకు అప్పటిదాకా ఆ సంగతి బుర్రకెక్కలేదు.

అందుకని, కట్టిన బొమ్మని వారం రోజులు టీవీ పక్కన పెట్టండి. తర్వాత పాప చేతే విప్పించి, మూతలూ దారాలూ మళ్లీ పెట్టెలోకి పంపండి. ఏది ఉంచాలో, ఏది విప్పాలో నిర్ణయం తనదే. నెలకి ఒకటి ఉంచుకోవచ్చు అనండి. జిగురు తక్కువ వాడమన్నది దీనికి కూడా.

పాప చింపేసేటప్పుడు ఏం చెయ్యాలన్నారా? ఏమీ చెయ్యకండి, చింపిన ముక్కల్ని పారెయ్యకుండా పక్కన పెట్టండి. తర్వాతి రోజు అవే దత్తపది. తను చేస్తున్నప్పుడు "వావ్, సూపర్" అని వెంటనే అనటం మానండి. ఆ మాట విన్న పిల్ల తర్వాతి బొమ్మ మీ మెప్పు కోసం చేస్తుంది. "ఇది ఎక్కడుంటుంది? రాత్రిపూట ఏం తింటుంది? దీనికి ఎవరంటే భయం?" అని అడగండి. జవాబు చెబుతూ చెబుతూ తనే ఇంకో తోకో, రెక్కో తగిలిస్తుంది. తన బొమ్మని మీ చేత్తో సరిచెయ్యొద్దు, గట్టిగా చెబుతున్నాను, ఒక్క గీత కూడా వద్దు. పక్కన కూర్చుని మీ చీటీలతో మీది మీరు చేసుకోండి. మీది కూడా వంకరగా వస్తుంది, అది తను చూడాలి.

బొమ్మలు వెయ్యటం రాదన్నారు. ఈ పనికి గీత కంటే చూపు ఎక్కువ కావాలి. 1942లో చిత్రకారుడు పికాసో ఒక సైకిల్ సీటునీ ఒక హ్యాండిల్‌నీ కలిపాడు. సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. ఎద్దు తల అయిపోయింది. వస్తువులు రెండే, అవి సైకిల్ భాగాలని ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి, అయినా ఎద్దే కనబడుతుంది. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్ చంద్ 1957 నుంచి ఉద్యోగం అయ్యాక ఎవరికీ చెప్పకుండా ఒక అడవి మూలలో పగిలిన పింగాణీ, టైల్స్, గాజులు పోగేసి మనుషుల్నీ జంతువుల్నీ చేస్తూ వచ్చాడు. ఎవరికీ చూపించకుండానే ఏళ్లు గడిచిపోయాయి. 1976లో దాన్ని జనం కోసం తెరిచారు, అదే ఇప్పటి రాక్ గార్డెన్. ఆయనా మీలాగే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాకే ఈ పని చేశాడు.

మన బీచ్‌రోడ్డే చూడండి. 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా జలాంతర్గామికి 2001లో విశ్రాంతి ఇచ్చారు. తుక్కుకి పంపకుండా ఇసుక మీదికి తెచ్చి, 2002లో మ్యూజియంగా తెరిచారు. 2017లో రోడ్డుకి అవతల టీయూ-142 విమానం కూడా అలాగే వచ్చి కూర్చుంది. ఈసారి పాపని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఒక చీటీ కూడా పట్టుకెళ్లండి: "రాత్రి అందరూ వెళ్లిపోయాక జలాంతర్గామీ విమానమూ ఏం మాట్లాడుకుంటాయి?"

పోటీ గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. వ్యర్థాలతో బొమ్మల పోటీ పేరు చెప్పి కొత్త థర్మోకోల్, మెరుపు పొడి, రంగు కాగితాలు కొని, రాత్రి పదకొండు దాకా అమ్మానాన్నలు చేసి, పొద్దున్న పిల్లల చేతికిచ్చి పంపటం చాలా బడుల్లో చూశాను. అలంకరణకి వాడే థర్మోకోల్ మీద 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం కూడా ఉంది. ఆ బొమ్మకి బహుమతి వచ్చినా, మా అమ్మ చేసిందే గెలిచిందని పిల్లకి తెలుసు. మీ పాప మూడు చీటీలు తీసి తనే చేసింది పట్టుకెళ్లనివ్వండి, ఒక చెవి ఊడి ఉన్నా సరే. చీటీలు కూడా బొమ్మ పక్కన అంటించి పంపండి. ఏ షరతుల మధ్య చేసిందో చూసేవాళ్లకి తెలుస్తుంది. పది మూతలతో బొమ్మ చేస్తే కాపులుప్పాడ చెత్త గుట్ట తరిగిపోదని కూడా పాపకి నిజం చెప్పండి. చెత్త తగ్గాలంటే కొనటం తగ్గాలి, వేరు చేసి ఇవ్వటం పెరగాలి. బొమ్మ చేసేది ఆడుకోవటానికే.

చదువు మాట చివరికి వదిలేశాను. అట్టని సగానికి కొలిచేటప్పుడు, బొమ్మ బరువు ఒకవైపు లాగకుండా నిలబెట్టేటప్పుడు లెక్కలూ సైన్సూ వాటంతటవే వస్తాయి. అవి వస్తాయని చెప్పి ఆటని ఒప్పించటం మాత్రం నాకు ఇష్టం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల రోజుకి ఇరవై నిమిషాలు ఆడుకోవటానికి చదువు సిఫారసు చెయ్యక్కర్లేదు. మీకూ అక్కర్లేదు.

మొదటి చీటీలు నేనే తీసి పంపుతున్నాను, ఈ ఆదివారానికి. దత్తపది: తెగిన చెప్పు, కొబ్బరి చిప్ప, చీర అంచు. సమస్య: ఆర్కే బీచ్‌లో ఒంటరి చెప్పు తన జతని వెతుక్కుంటూ పడవెక్కింది. నిషిద్ధం: జిగురు. చెప్పుని ముందురోజే కడిగి ఎండలో పెట్టండి. చిప్పకి చిల్లు మీరు పెట్టివ్వండి. తెరచాప ఎటు కట్టాలో అత్తయ్యగారిని అడగమని పాపకి చెప్పండి.